పచ్చిక మైదానాలలో మందు పిచికారీ: యంత్ర నిర్వహణ, నాజిల్ ఎంపిక – ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

క్రికెట్ మైదానాలు, గోల్ఫ్ మైదానాలు, నగర ఉద్యానాలు, విద్యాసంస్థల ఆవరణలు మొదలైన చోట్ల పెంచే పచ్చికపై మందు పిచికారీ చేయడం నైపుణ్యంతో కూడిన పని. ఈ పనిలో వాడే యంత్రాల తీరు, నాజిళ్ల రకాలు, బిందు పరిమాణం, కొలత చూసుకొనే పద్ధతి, నడిపే తీరు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. వీటితోపాటు ఈ రంగంలో వాడుకలో ఉన్న తెలుగు మాటలు, రంగుల సంకేతాలు పనివాడి భద్రతపై చూపే ప్రభావం కూడా పరిశీలించబడింది.

కీలక పదాలు: పచ్చిక, గరిక, పిచికారీ, నాజిల్, బిందు పరిమాణం, రంగు సంకేతాలు, వృత్తి పరిభాష.

1. ప్రవేశిక

తెలుగు శాఖలో పనిచేసేవారికి పిచికారీ యంత్రంతో పనేమిటనే ప్రశ్న సహజంగానే వస్తుంది. వృత్తి పదాల సేకరణ మన పరిశోధనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయానికి సంబంధించినదే. నాగలి, కాడి, ఏతం చుట్టూ అల్లుకున్న పదజాలాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఆనాడు ఊరూరా తిరిగి సేకరించారు. వీపున ట్యాంకు, చేతిలో గొట్టం, గొట్టం చివర నాజిల్ ఉన్న నేటి పనివాడి భాషను కూడా అదే శ్రద్ధతో గమనించవలసి ఉంది. అయితే పని తెలియకుండా పనిలోని మాట తెలియదు. అందువల్ల ఈ వ్యాసంలో ముందు పనిని వివరించి, అవసరమైన చోట మాట దగ్గర ఆగడం జరుగుతుంది.

పచ్చికనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఉష్ణమండల ప్రాంతాల క్రీడా మైదానాలలో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డి మన గరికే. శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. వినాయక చవితి నాడు దూర్వాయుగ్మమని పూజలో సమర్పించేదీ, చేలో మొలిస్తే కలుపని పీకి గట్టున పారేసేదీ, గోల్ఫ్ మైదానంలో లక్షలు వెచ్చించి కాపాడేదీ ఒకే జాతి మొక్క. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో సాధారణ గరికను ఆఫ్రికా గరికతో సంకరపరచి రూపొందించిన టిఫ్‌వే, దాని వెంట వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ వంటి రకాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. గోల్ఫ్‌లో బంతిని గుంటలో వేసే చోటున ఈ గడ్డిని కొద్ది మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. అంత పొట్టిగా, నిత్యం కోతకు గురవుతూ, అందరి కళ్లెదుటా ఉండే మొక్కపై మందు ఎక్కువైనా తక్కువైనా పది రోజులు తిరగకముందే చారలు తేలుతాయి. పత్తిచేలో ఆకుల గుబురు చాటున కనబడని పిచికారీ లోపం ఇక్కడ పట్టపగలే బయటపడుతుంది. పిచికారీ సూత్రాలను వివరించడానికి పచ్చిక అనువైన ఉదాహరణ కావడానికి కారణం ఇదే.

దీనికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిచేలలో పురుగు మందు కొడుతూ పలువురు రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ జిల్లా తెలంగాణలోని ఆదిలాబాద్‌కు పొరుగునే ఉంది. పచ్చిక మైదానంలో పనిచేసేవారు కూడా చాలావరకు ఆ పల్లెల వంటి పల్లెల నుంచి వచ్చినవారే. చేలో నేర్చిన అలవాటునే వారు మైదానంలోకి తెచ్చుకుంటారు. మైదానానికి పిల్లలు ఆడుకోవడానికీ, పెద్దలు నడకకూ వస్తారు. కాబట్టి ఇక్కడి పొరపాటు ఫలితం పనివాడితో ఆగదు.

2. చిమ్మనగ్రోవి, పిచికారీ, నాజిల్

నీటిని ఒత్తిడితో చిమ్మే సాధనం తెలుగువారికి పాతదే. ప్రబంధాలలోని వసంతోత్సవ, జలక్రీడా వర్ణనలు చదివినవారికి ‘చిమ్మనగ్రోవి’ సుపరిచితం. గ్రోవి అంటే గొట్టం. పిల్లనగ్రోవిలో ఉన్నదీ అదే పదం. హిందీ నుంచి వచ్చిన ‘పిచికారీ’ ఆ స్థానాన్ని ఆక్రమించింది. నేడు వ్యవసాయ శాఖ కరపత్రాలలో, పత్రికలలో ఇదే ప్రామాణిక పదం. పనివాడు మాత్రం ‘పిచికారీ చేస్తున్నాను’ అనడు, ‘మందు కొడుతున్నాను’ అంటాడు. ‘కొట్టు’ అనే క్రియ ఎంత సహజమో ఇక్కడ అంత చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. కొట్టడంలో బలం, వేగం, తడిసిపోయేంత మోత ధ్వనిస్తాయి. నిజానికి మంచి పిచికారీలో బలానికి చోటు తక్కువ. అక్కడ కావలసింది సమానంగా పరచడం.

‘మందు’ సంగతి కూడా ఇటువంటిదే. జ్వరానికి వేసుకొనేదీ, తుపాకిలో కూరేదీ, పురుగుకు చల్లేదీ మందే. విషానికీ ఔషధానికీ ఒకే పేరున్న భాషలో జాగ్రత్త చెప్పడం కొంత కష్టం. ‘ఇంకొంచెం మందు పడితే మంచిదే’ అన్న భావన ఆ పేరులోనే దాగి ఉంది.

ఇంగ్లీషులో నాజిల్ అనే పదం ముక్కు అనే అర్థమున్న పదం నుంచి ఏర్పడింది. ఆ పదానికి సంస్కృత ‘నాస’ దూరపు చుట్టం. దీనికి ‘చిమ్ముముక్కు’ అనో మరొకటో కల్పించడం కష్టమేమీ కాదు. అయితే దుకాణంలో అడిగితే దొరికేదీ, మేస్త్రీ నుంచి కూలీ దాకా అందరూ పలికేదీ నాజిలే కాబట్టి ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాను. పరిభాష కల్పనలో పుస్తకాన్ని కాక పనిచేసే చేతిని అనుసరించాలన్నది నా అభిప్రాయం.

3. నాజిల్ చేసే పని

చూడటానికి బొటనవేలంత ఉండే నాజిల్ మూడు పనులు చేస్తుంది. నిమిషానికి ఎంత ద్రవం బయటికి వెళ్లాలో నిర్ణయిస్తుంది, ఆ ద్రవాన్ని బిందువులుగా చీలుస్తుంది, ఆ బిందువులను ఒక ఆకృతిలో పరుస్తుంది. ట్యాంకు, పంపు, గొట్టం ఎంత ఖరీదైనవైనా ఈ మూడు పనులు జరిగేది చివరనున్న చిన్న రంధ్రం దగ్గరే. యంత్రం కొనేటప్పుడు వేలకు వేలు వెచ్చించి, నాజిల్ దగ్గర మాత్రం ‘దానితో వచ్చిందే చాలు’ అనుకోవడం మన వద్ద తరచుగా కనిపించే విచిత్రం.

మన ప్రాంతంలో అమ్మే వీపు ట్యాంకులతో సాధారణంగా గుల్ల శంకువు ఆకృతిలో చిమ్మే నాజిల్ వస్తుంది. దీని జల్లు నేలపై వలయంలా పడుతుంది. అంచున ఎక్కువగా, నడుమ తక్కువగా ఉంటుంది. బిందువులు సన్నగా ఉండి నలుదిక్కుల నుంచీ ఆకులలోకి చొచ్చుకుపోతాయి కాబట్టి గుబురుగా పెరిగిన పైరుపై పురుగు మందుకు ఇది పనికొస్తుంది. చదునైన పచ్చికకు, అందులోనూ కలుపు మందుకు ఇది తగదు.

పచ్చికకు ప్రధానంగా కావలసింది ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్. దీని జల్లు విప్పిన తాటాకు విసనకర్ర ఆకారంలో పలచని తెరలా దిగుతుంది. నడుమ ఎక్కువగా, అంచులకు పోయేకొద్దీ పలచగా పడుతుంది. అందువల్ల ఒక నాజిల్ అంచు పక్క నాజిల్ జల్లుపై పడేలా వరుసగా అమర్చినప్పుడే మొత్తం వెడల్పులో సమానత వస్తుంది. ఇందులోనే అంచుల దాకా సమానంగా పడే రకం ఒకటుంది. అది ఒంటరిగా ఒక పట్టీ మీద కొట్టడానికి ఉద్దేశించినది. దానిని బూమ్‌పై వరుసగా అమర్చితే ఒకదానిపై ఒకటి పడిన చోటల్లా మందు రెట్టింపు అవుతుంది. పైకి రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి నాజిల్‌పై చెక్కిన గుర్తు చూడకుండా అమర్చరాదు.

ఫ్లడ్ నాజిల్‌లో ద్రవం ఒక పలకకు తగిలి వెడల్పుగా పరుచుకుంటుంది. తక్కువ ఒత్తిడిలోనే పెద్ద బిందువులనిస్తుంది. గాలిని పీల్చుకొనే నాజిల్ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. దాని గుండా లోపలికి వచ్చిన గాలి ద్రవంలో కలిసి బుడగలతో కూడిన పెద్ద బిందువులు ఏర్పడతాయి. జనసంచారం ఉన్న ఆవరణలకు ఇది మేలైనదే గాని, సరిగా పనిచేయాలంటే మామూలు నాజిల్ కన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. చేతితో పంపు కొట్టే ట్యాంకుకు దీనిని బిగిస్తే ప్రయోజనం సగమే.

4. తుంపర, చినుకు: బిందు పరిమాణం

ఒక బిందువు వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే అదే ద్రవం నుంచి ఎనిమిది బిందువులు వస్తాయి. సన్నని బిందువులు ఆకును ఎక్కువ మేర కప్పుతాయి, పెద్ద బిందువులు తక్కువ చోట పడతాయి. ఈ లెక్క ప్రకారం ఎంత సన్నగా కొడితే అంత మంచిదనిపిస్తుంది. అయితే గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం గల బిందువు నిశ్చలమైన గాలిలో 3 మీటర్లు దిగడానికి దాదాపు 10 సెకన్లు తీసుకుంటుంది. యాభయ్యో వంతు వ్యాసం గలదైతే అదే దూరం దిగడానికి 4 నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపు గాలిలో తేలే బిందువు ఎక్కడ వాలుతుందో కొట్టినవాడి చేతిలో లేదు. పక్క వీధిలో వాలవచ్చు, అతని ఊపిరితిత్తులలోకే పోవచ్చు.

అంతర్జాతీయంగా బిందు పరిమాణాన్ని అత్యంత సన్ననివి మొదలు అత్యంత ముతకవి వరకు తరగతులుగా విభజించారు. మన వాడుకలో ‘సన్నం’, ‘లావు’ తప్ప వీటికి వేరే మాటలు వినబడవు. కానీ వానను ఇన్ని తీరులుగా పిలిచే భాషకు ఇక్కడ కరువేమీ లేదు. కంటికి విడిగా కనబడక పొగలా తేలేదానిని ‘పొగమంచు’ అనీ, ముఖానికి చల్లగా తగిలేదానిని ‘తుంపర’ అనీ, పడిన చోట మచ్చ కనబడేదానిని ‘చినుకు’ అనీ చెబితే పనివాడికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ‘ఈ మందును తుంపరగా కొట్టాలి, ఆ మందును చినుకుగా కొట్టాలి, దేన్నీ పొగమంచుగా కొట్టవద్దు’ అన్న వాక్యంలో బిందుశాస్త్రం చాలావరకు ఇమిడిపోతుంది. శిక్షణ కరపత్రాలు రాసేవారు ఈ పదాలను పరిశీలించాలని నా ప్రతిపాదన.

5. మూడు రంగుల భాషలు

ఈ పరిశీలనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది రంగుల సంగతి. పనివాడి చేతికి వచ్చే వస్తువులపై మూడు వేర్వేరు రంగు సంకేతాలు ఉంటాయి.

మొదటిది మందు డబ్బాపై ఉండే చతురస్రంలోని త్రికోణం. 1971 నాటి క్రిమిసంహారకాల నియమావళి ప్రకారం ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థ విషపూరితం, ఆకుపచ్చ స్వల్ప విషపూరితం. రెండవది నాజిల్ రంగు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది ప్రవాహ పరిమాణాన్ని తెలుపుతుంది. 3 బార్ల ఒత్తిడి వద్ద నారింజ నాజిల్ నిమిషానికి 0.4 లీటర్లు, ఆకుపచ్చ 0.6, పసుపు 0.8, నీలం 1.2, ఎరుపు 1.6 లీటర్లు ఇస్తాయి. మూడవది నాజిల్ తయారీదారుల పట్టికలలో బిందు తరగతిని చూపే రంగు. అందులో ఎరుపు చాలా సన్నని బిందువు, నారింజ సన్ననిది, పసుపు మధ్యస్థం, నీలం ముతక, ఆకుపచ్చ చాలా ముతక.

ఈ విధంగా ఒకే నీలం డబ్బాపై ఒక విషస్థాయిని, నాజిల్‌పై నిమిషానికి 1.2 లీటర్లను, పట్టికలో ముతక బిందువును సూచిస్తుంది. సంకేతశాస్త్రం బోధించేవారికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. సూచకం ఒకటే, సూచితాలు మూడు. వాటి నడుమ ఏ సంబంధమూ లేదు. తరగతి గదిలో ఇది ఆసక్తికరమైన అంశం, మైదానంలో మాత్రం ప్రమాదకరం. ఆకుపచ్చ అంటే భయం లేదని డబ్బా వద్ద నేర్చిన మనిషి, ఆకుపచ్చ నాజిల్ కూడా ‘మెత్తని’దనుకోవడం సహజం. ఎర్ర నాజిల్ ప్రమాదకరమైన మందుల కోసమని భావించినా తప్పుపట్టలేం. నాజిల్ రంగు కేవలం రంధ్రపు కొలతకు గుర్తని, దానికి విషంతో సంబంధం లేదని ఎవరో ఒకరు అతనికి అతని భాషలో చెప్పి ఉండాలి.

నాజిల్‌పై చెక్కిన అంకె ఇంతకన్నా నమ్మదగినది. ‘11003’ అని ఉంటే మొదటి మూడంకెలు జల్లు విచ్చుకొనే కోణం, అంటే 110 డిగ్రీలు. చివరి రెండు ప్రవాహ సంఖ్య. అది అమెరికా గ్యాలన్‌లో పదో వంతుల లెక్క. కాబట్టి 03 అంటే 0.3 గ్యాలన్, అంటే సుమారు 1.2 లీటర్లు. అక్షరాలు అంతగా రాని పనివాడైనా అంకెలు చదవగలడు. అందుకే శిక్షణలో రంగు కన్నా అంకెకే ప్రాధాన్యం ఇవ్వడం మంచిది.

6. ఏ పనికి ఏ నాజిల్

మందు ఎక్కడ పనిచేయాలి అన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే నాజిల్ ఎంపిక సులువు. పచ్చిక ఆకులపై నాణెం పరిమాణంలో ఎండిన మచ్చలు తెచ్చే తెగులుకు మందు ఆకును పూర్తిగా కప్పాలి. దీనికి మధ్యస్థ బిందువులనిచ్చే ఫ్లాట్ ఫ్యాన్, నీరు ధారాళంగా ఉండాలి. ఆకుపై పనిచేసే తెగులు మందులకు పచ్చిక నిర్వాహకులు హెక్టారుకు సుమారు 400 నుంచి 800 లీటర్ల వరకు నీరు వాడుతారు. తుంగ వంటి కలుపుపై అంతర్వాహికంగా పనిచేసే మందు ఆకుపై కొన్ని చుక్కలు పడినా మొక్క లోపలికి పోతుంది. కాబట్టి ముతక బిందువులు చాలు, నీరూ తక్కువ చాలు. పక్కనున్న పూలమొక్కలపైకి గాలికి కొట్టుకుపోకుండా ఉండటం ఇక్కడ ముఖ్యం. నేలలోని వేరుపురుగుకు, వేళ్లకు వచ్చే తెగుళ్లకు, మొలకెత్తకముందు వేసే కలుపు మందులకు పెద్ద బిందువులతో కొట్టి, మందు చీటీలో చెప్పిన మేరకు వెంటనే నీరు పెట్టి నేలలోకి దించాలి. ఈ మందులను తుంపరగా కొట్టి ఆకుపైనే ఎండనివ్వడం డబ్బు దండగ.

పై మాటలన్నీ సాధారణ సూత్రాలు. మందు చీటీలో బిందు తరగతి, నీటి మోతాదు ప్రత్యేకంగా చెప్పి ఉంటే దానినే పాటించాలి.

కలుపు మందు కొట్టిన ట్యాంకును తెగులు మందుకు వాడకపోవడం మేలు. కడిగినా గొట్టంలో, వడపోత జాలీలో మిగిలిన కొద్దిపాటి కలుపు మందు కూడా పచ్చికను మాడ్చగలదు. రెండు ట్యాంకులు ఉంచుకొని, వాటిపై పెద్ద అక్షరాలతో ‘కలుపు’, ‘తెగులు’ అని రాయించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

7. ‘ట్యాంకుకు ఇంత’ అనే కొలత

మందు చీటీపై మోతాదు విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది, ఎకరానికి ఇంత లేదా హెక్టారుకు ఇంత అని. మందు అమ్మేవాడు మాత్రం ‘అన్నా, ట్యాంకుకు రెండు మూతలు పొయ్యి’ అంటాడు. ఒకరు నేలను కొలుస్తున్నారు, మరొకరు పాత్రను కొలుస్తున్నారు. ఈ రెంటినీ కలిపే వంతెన కొలత చూసుకోవడం. పాఠ్యపుస్తకాలలో దీనికి ‘క్రమాంకనం’ అనే మాట ఉంది. ఆ మాట పనివాడి దాకా రాలేదు, ఆ పని కూడా రాలేదు.

హెక్టారుకు ఎన్ని లీటర్లు పడుతున్నాయో ఇలా తెలుసుకోవచ్చు. నిమిషానికి నాజిల్ ఇచ్చే లీటర్లను 600తో హెచ్చించాలి. గంటకు కిలోమీటర్లలో నడక వేగాన్ని మీటర్లలో జల్లు వెడల్పుతో హెచ్చించి, ఆ లబ్ధంతో ముందరి సంఖ్యను భాగించాలి. పసుపు నాజిల్ నిమిషానికి 0.8 లీటర్లు ఇస్తూ, జల్లు 1 మీటరు వెడల్పున పడుతూ, మనిషి గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే హెక్టారుకు 160 లీటర్లు, అంటే ఎకరానికి దాదాపు 65 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకులు నాలుగు. ఎకరానికి 100 గ్రాముల మందు వేయాలనుకుందాం. ట్యాంకుకు 25 గ్రాములు కలిపితే లెక్క సరిపోయింది.

ఇప్పుడు అదే ట్యాంకును మరొకరు ఎత్తుకున్నారు. ఆయన వయసు పైబడినవాడు, గంటకు 2 కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు. నాజిల్ అదే, మందు అదే, ‘ట్యాంకుకు 25 గ్రాములు’ అనే సూచన కూడా అదే. కానీ హెక్టారుకు 240 లీటర్లు పడుతుంది, ఎకరానికి ఆరు ట్యాంకులు అవుతాయి. మందు 150 గ్రాములు పడింది. ఎవరూ అజాగ్రత్తగా లేరు, ఎవరూ సూచనను మీరలేదు, అయినా మోతాదు ఒకటిన్నర రెట్లయింది. మొదటి మనిషే పసుపు నాజిల్ పాడైందని దాని స్థానంలో నీలం నాజిల్ బిగించుకున్నా సరిగ్గా ఇదే ఫలితం. ట్యాంకును కొలమానంగా చేసుకున్నంత కాలం మనిషి మారినా నాజిల్ మారినా పచ్చికపై పడే విషం మారుతూనే ఉంటుంది.

లెక్కల ఇబ్బంది లేని మార్గం కూడా ఉంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల చోటును తాడుతో గుర్తించి, ట్యాంకులో మంచినీళ్లు కొలిచి పోసి, రోజూ నడిచే తీరులోనే ఆ చోటంతా కొట్టాలి. ఖర్చయిన నీటిని 100తో హెచ్చిస్తే హెక్టారు లెక్క, 40తో హెచ్చిస్తే దాదాపు ఎకరా లెక్క. నడిచే ప్రతి మనిషికీ, ప్రతి నాజిల్‌కూ విడివిడిగా దీనిని చేసి, ఫలితాన్ని ట్యాంకుపైనే రంగుతో రాసి ఉంచాలి. వాహనంపై అమర్చిన బూమ్ అయితే 50 మీటర్ల దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటిందో చూసుకోవాలి. 30 సెకన్లు పడితే వేగం గంటకు 6 కిలోమీటర్లు. ఆ వేగంతో, అర మీటరు ఎడంగా అమర్చిన నీలం నాజిళ్లు 3 బార్ల వద్ద హెక్టారుకు 240 లీటర్లు ఇస్తాయి.

నీరు ఎక్కువ కావాలంటే ఒత్తిడి పెంచితే సరిపోతుందనేది బలంగా నాటుకున్న అపోహ. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. రెట్టింపు నీరు రావాలంటే ఒత్తిడిని నాలుగు రెట్లు పెంచాలి. 3 బార్లను 12 బార్లు చేస్తే నీలం నాజిల్ 2.4 లీటర్లు ఇస్తుంది గాని, జల్లంతా పొగమంచు అవుతుంది. నీరు ఎక్కువ కావాలంటే పెద్ద నాజిల్ బిగించుకోవడమో, నెమ్మదిగా నడవడమో చేయాలి. ఆపైన మళ్లీ కొలత చూసుకోవాలి.

8. నడిపే తీరు

110 డిగ్రీల నాజిళ్లను అర మీటరు ఎడంగా అమర్చినప్పుడు బూమ్ ఎత్తు పచ్చికకు అర మీటరు ఉండాలి. ఆ ఎత్తున ఒక్కొక్క జల్లు లెక్క ప్రకారం సుమారు 143 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకొని పక్కవాటితో కలిసిపోతుంది. ఎత్తు సగానికి తగ్గితే వెడల్పూ సగమై చారలు మొదలవుతాయి. పెరిగితే గాలి పాలవుతుంది. ఎదురెదురు జల్లులు ఢీకొనకుండా ప్రతి నాజిల్‌నూ బూమ్ వరుస నుంచి కొద్ది డిగ్రీలు ఒకే వైపుకు తిప్పి బిగిస్తారు. పని మొదలుపెట్టే ముందు ఎండిన సిమెంటు నేలపై ఉత్త నీటితో ఒకసారి నడిపి, తడి ఆరే తీరును గమనిస్తే ఏ నాజిల్ సరిగా పనిచేయడం లేదో తెలిసిపోతుంది. ఆలస్యంగా ఆరిన చార కింద ఎక్కువ నీరు పడిందన్నమాట.

మలుపు దగ్గర జల్లు ఆపి, తిరిగి వరుసలోకి వచ్చాకే తెరవాలి. వాహనం ముందు కదలాలి, జల్లు తరువాత తెరుచుకోవాలి. నిలబడిన చోట తెరిస్తే అక్కడ గుండ్రటి మాడు మచ్చ మిగులుతుంది. ఎంతవరకు కొట్టిందీ తెలియడానికి ద్రవంలో రంగు కలపడం పచ్చిక నిర్వాహకుల వాడుక. పిల్లలు తిరిగే చోట ఆ రంగు కొట్టిన మేరను అందరికీ చూపుతుంది.

గాలి అసలు లేని వేళే మంచిదనుకోవడం సరికాదు. తెల్లవారుజామున గాలి స్తంభించి, నేల దగ్గర చల్లగా, పైన వెచ్చగా ఉన్నప్పుడు సన్నని బిందువులు పైకీ పోక, కిందికీ దిగక, పొరలా తేలుతూ ఏ దిక్కుకైనా జారిపోతాయి. పొయ్యి పొగ పైకి లేవక అడ్డంగా పరుచుకుంటోందంటే అది మందు కొట్టే వేళ కాదు. గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల లోపు, ఒకే దిక్కుగా, జనం లేని వైపుకు వీచే గాలి అనుకూలం. ‘గాలివాటు చూసి కొట్టు’ అనే పాత సలహాలో ఇదంతా ఉంది.

చేలో పైరు ఛాతీ దాకా ఉంటుంది కాబట్టి మందు ముఖం మీద, ఛాతీ మీద పడుతుంది. పచ్చికపై జల్లు మోకాలి దిగువనే ఉండటం వల్ల ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ వీపు ట్యాంకుతో గొట్టాన్ని ముందుకు చాచి అటూ ఇటూ ఊపుతూ ముందుకు నడిచే మనిషి, అప్పుడే తడిపిన గడ్డిలోనే అడుగు వేస్తాడు. పాదాలు, పిక్కలు గంటల తరబడి తడిసే ఉంటాయి. విషం చర్మం గుండా లోపలికి పోతుంది. రబ్బరు బూట్లు, వాటిపైకి దించిన ప్యాంటు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయించడం తగదు. వీలైన చోట గొట్టాన్ని ఒక పక్కకు పట్టుకొని, గాలికి అడ్డంగా, తడవని నేలపై నడవాలి. ఊపడం మానేసి ఒకే ఎత్తున నిలిపి పట్టుకుంటే పచ్చికకూ మేలే. తడి పూర్తిగా ఆరేవరకు, లేదా చీటీలో చెప్పిన గడువు వరకు ఎవరినీ మైదానంలోకి రానీయకూడదు. ఈ మేరకు తెలుగులో ఒక పలక రాసి గేటుకు తగిలించాలి.

9. కడగడం, అరుగుదల

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం మన వద్ద దాదాపు అసంకల్పితంగా జరిగే చర్య. అది నేరుగా విషాన్ని నోటికి తెచ్చుకోవడమే. పిన్నీసుతో, తీగతో పొడవడం మరో అలవాటు. దానివల్ల రంధ్రపు అంచు గీతపడి జల్లు ఒక పక్కకు చీలుతుంది, కొలత చెడుతుంది. పాత పళ్ల బ్రష్, నీళ్లు చాలు. శుభ్రమైన నాజిళ్లు రెండు మూడు జేబులో ఉంటే మూసుకుపోయినదాన్ని మార్చి తరువాత తీరికగా కడుక్కోవచ్చు. అసలు మూసుకుపోకుండా ఉండాలంటే నీళ్లు వడపోసి పోయాలి. పొడి మందును ముందుగా బకెట్టులో జావలా కలిపి, సగం నిండిన ట్యాంకులో పోసి, ఆపై మిగతా నీరు నింపాలి. 02 అంతకు మించిన నాజిళ్లకు 50 మెష్ జాలీ, అంతకన్నా చిన్నవాటికి 100 మెష్ జాలీ సాధారణంగా వాడుతారు.

అరిగిన నాజిల్ కంటికి కొత్తదానిలాగే కనబడుతుంది. ఇత్తడి నాజిల్ తొందరగా అరుగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు అంతకన్నా నిలుస్తుంది, పింగాణి మరీ ఎక్కువ కాలం వస్తుంది. తెలుసుకోవడానికి ఒక కొలత జగ్గు, చేతి గడియారం చాలు. 3 బార్ల వద్ద ఒక నిమిషం పట్టి చూసినప్పుడు కొత్తది ఇచ్చే దానికన్నా పదో వంతు ఎక్కువ వస్తే ఆ నాజిల్‌ను పారేయాలి. నీలం నాజిల్‌కు ఆ హద్దు 1.32 లీటర్లు. ఒక్క నాజిల్ ఖరీదు సాధారణంగా ఒక్క ట్యాంకు మందు ఖరీదుకు మించదు. అయినా మైదానాల సామాన్ల చిట్టాలలో యంత్రానికి, మందుకు ఉన్నట్లు నాజిల్‌కు వేరే పద్దు ఉండదు. పద్దు లేకపోతే కొనుగోలూ ఉండదు.

పని ముగిశాక ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను ట్యాంకులోనే పోయాలి. ట్యాంకును కూడా మూడుసార్లు కడిగి, ఆ నీటిని కాలువలోకి వదలకుండా మందు కొట్టిన పచ్చికపైనే పలచగా కొట్టేయాలి. ఆ తరువాత గొట్టంలో నిలిచినదాన్ని ఖాళీ చేసి, నాజిల్‌ను, జాలీని విప్పి విడిగా కడిగి నీడన ఆరబెట్టాలి. వాటిని బిగించేది మరుసటి పని నాడే, జగ్గుతో కొలిచి చూసుకున్నాక.